మిగిలిపోయిన రెండు ముత్యాలు

గోడ మీద డ్రాగన్ నోరు తెరుచుకుని ఆగిపోయింది. దాని నోట్లోంచి బయల్దేరిన నిప్పు రాజకుమారుడి దాకా రాకుండానే గాల్లో నిలబడింది.

సినిమా ఆపింది అత్తగారు. ప్రొజెక్టరు వెలుగులో ఆవిడ నీడ డ్రాగన్ కంటే పెద్దగా పడింది. ఆవిడ చేయి విసిరిన ముత్యాల దండ వచ్చి చిన్నకోడలి ఒళ్లో పడింది.

"నీ గాజుపూసలు నువ్వే ఉంచుకోమ్మా."

చిన్నకోడలు అప్పుడే డబ్బింగ్ స్టూడియో నుంచి వచ్చింది. చెప్పులు విడిచి, చీకటి హాల్లో తడుముకుంటూ సోఫాలో తన మూల వెతుక్కుని కూర్చుంది. పొద్దుటి నుంచి మైకు ముందు అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది.

"గాజుపూసలేమిటి అత్తయ్యా? అవి ముత్యాలు."

"అని నువ్వన్నావు. పొద్దున షాపావిడ ఇంకోలా అంది."

ఆ వెనకే పెద్దకోడలి గొంతు వచ్చింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. "కడిగించి మెరుగు పెట్టిద్దామని రెండు దండలూ పట్టుకెళ్లాం చెల్లీ. నలభై ఏళ్ల కిందట పెళ్లిలో మామయ్య పెట్టినదీ, మొన్న పుట్టినరోజుకి నువ్విచ్చినదీ. ఆవిడ రెంటినీ పంటికి రాసి చూసింది, ఇసుకలా తగిలితేనే అసలు ముత్యంట. పాతవి ఆణిముత్యాలుట. అలాంటి వాటికి ఇప్పుడు జత కూడా దొరకదుట. కొత్తవి మాత్రం ఉత్త గాజుట. షాపులో నలుగురున్నారు. అత్తయ్య తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీక నిలబడిపోయారు."

చిన్నకోడలు దండని వెలుగులోకి ఎత్తింది. కొక్కెం తను ఏరుకున్నదే, ఆకు ఆకారంలో చెక్కిన వెండి కొక్కెం. పూసలు తెల్లగా నున్నగా ఉన్నాయి. కానీ వాటిలో ఏదో లేదు. కొన్నరోజు ఆ ముత్యాల లోపల దీపం పెట్టినట్టు లేతగులాబీ వెలుగు కనిపించింది. ఇవి పైపైన మెరుస్తున్నాయి, కడిగిన పళ్లెంలా.

"ఇవి నేనిచ్చినవి కావు," అంది.

"కొక్కెం నీదే కదమ్మా?" అంది అత్తగారు.

"కొక్కెం నాదే."

"పూసలు మాత్రం నడిచి వెళ్లిపోయాయా?"

పెద్దకొడుకు సినిమా మొదలవగానే నిద్రపోయే రకం. తలకింద దిండు సర్దుకుని ఇంకోవైపు తిరిగాడు. చిన్నకొడుకు మాత్రం భార్య వైపు వంగి మెల్లగా అడిగాడు. "బిల్లుందా?"

"ఉంది."

"బిల్లు నిజమే అయ్యుంటుంది మరిదిగారూ," అంది పెద్దకోడలు. "అసలు దండ బీరువాలో దాచుకుని, కొక్కెం తీసి దీనికి పెడితే బిల్లేం చెప్తుంది? పుట్టినరోజుకి పేరు తనది, ముత్యాలూ తనవే. అవ్వా కావాలి, బువ్వా కావాలనడమంటే ఇదే."

చిన్నకోడలు భర్త మొహం చూసింది. కాదు అంటాడనుకుంది. అతను డ్రాగన్ వైపు చూశాడు.

ఆ ఇంట్లో ఆ క్షణాన ఆమె పక్షాన మాట్లాడినవాడు ఒక్కడే. మూల కుర్చీలో, అట్టముక్కలతో చేసిన కిరీటం తలమీద పెట్టుకుని కూర్చున్న మామగారు.

"పోనిద్దురూ. గాజైతే ఏం, ముత్యమైతే ఏం. అమ్మాయి ప్రేమగా ఇచ్చింది. ప్రేమని పంటికి రాసి చూస్తామా? మహారాణీ, సినిమా నడిపించు. పాపం ఆ రాజకుమారుడు ఇందాకట్నుంచి కత్తెత్తుకుని నిలబడ్డాడు, భుజం లాగేస్తుంది."

అందరూ నవ్వారు. డ్రాగన్ నిప్పు కక్కింది. చిన్నకోడలు ఆ దండని గుప్పిట్లో బిగించి కూర్చుంది. ఈ హాల్లోనే, ఈ చీకట్లోనే తన పరువు పోయింది. ఇక్కడే, ఇదే మనుషుల ముందు, ఆ ముత్యాలు మార్చినవాళ్లు ఎవరో పైకి వినబడాలి. అప్పటిదాకా తనకి నిద్ర లేదు, వాళ్లకి క్షమాపణ లేదు. మనసులో ఒట్టు పెట్టుకుంది.

* * *

ఆదివారం మధ్యాహ్నం జానపద సినిమా ఆ ఇంటికి అన్నం లాంటిది. మామగారు ఉద్యోగమంతా సినిమా హాల్లో ప్రొజెక్టరు ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. ఒకసారి హాల్లో సౌండ్ పెట్టె పాడైతే, జనం కుర్చీలు విరగ్గొట్టకముందే ఆయన గోడకున్న కన్నంలోంచి రాజుకీ, రాక్షసుడికీ, గుర్రానికీ గొంతిచ్చి ఆట పూర్తి చేశారట. చప్పట్లు వీధిలోకి వినిపించాయట. ఆ కథ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. అందుకే ఇప్పటికీ క్లైమాక్సు రాగానే ఆయన "సౌండ్ కట్" అంటారు. మాట వినబడని బొమ్మకి ఇంటిల్లిపాదీ గొంతివ్వాలి. రాజు ఎప్పుడూ ఆయనే. రాణి అత్తగారు. దాసీలూ చిలకలూ పెద్దకోడలు. ఉరుములూ గుర్రాలూ చిన్నకొడుకు. పెద్దకొడుకు గురక రాక్షసుడికి పనికొస్తుంది.

చిన్నకోడలు పెళ్లై వచ్చినప్పుడు మంత్రగత్తె ఖాళీగా ఉంది. పైగా ఆమె చేసే పని అదే. పరదేశపు మాయల సినిమాలకి తెలుగులో మంత్రగత్తెలు, శాపగ్రస్త రాణులు, మాట్లాడే చెట్లు అన్నిటికీ ఆమె గొంతే. "మన ఇంటికి అసలు సిసలు మంత్రగత్తె వచ్చింది," అని మామగారు ఆ రోజే ఆమెకి నల్ల అట్టతో టోపీ చేసిచ్చారు. పుట్టింట్లో కూడా ఆమెకి అంత ముద్దు జరగలేదు.

పెద్ద సినిమా ఒకటి పూర్తయ్యి చేతికి మంచి పారితోషికం వచ్చినప్పుడు, ఆమె మొదట అనుకున్నది అత్తగారి మెడ గురించే. ఆవిడ సినిమారోజున పాతముత్యాల దండ వేసుకుని, జుట్టుకీ మెడకీ సెంటు దట్టంగా కొట్టుకుని, నిజంగానే కొలువుకి వచ్చినట్టు వచ్చేది. ఆవిడ రాకముందే సెంటు వచ్చేది, వెళ్లాక కూడా పోయేది కాదు. ఆ దండకి జోడీగా ఉండాలని చిన్నకోడలు అదే పరిమాణం ముత్యాలు వెతికి వెతికి కొని, దాని పొడవుకి కురచ చేయించింది.

ఆ వెతుకులాటకి దక్కిన ఫలితం ఒక కొత్త పేరు.

"గాజు వచ్చిందా స్టూడియో నుంచి?" పెద్దకోడలు వంటింట్లోంచి అడిగేది. "గాజూ, జాగ్రత్తమ్మా, కిందపడితే పగులుతావు." పక్కవాటా వాళ్లకి కూడా ఆ పేరు తెలిసిపోయింది. అత్తగారు ఆమె చేతి కాఫీ తాగడం మానలేదు గానీ, బీరువాకి కొత్త తాళం వేసింది. తాళంచెవి పెద్దకోడలికి చూపించి, చిన్నకోడలికి చూపించకుండా దాచింది. పుండు మీద కారం ఎలా చల్లాలో ఆవిడకి తెలుసు.

అన్నిటికంటే మంట పెట్టింది భర్త మాట. "పోనీ, షాపువాళ్లు నిన్ను మోసం చేశారేమో, ఒప్పేసుకో. తెలియక కొన్నానని చెప్పు. గొడవ వదులుతుంది."

"నేను మోసపోలేదు."

"మరి ఏం జరిగినట్టు?"

"ఎవరో మార్చారు."

"మనింట్లోనా?" అతను నవ్వాడు. ఆ నవ్వుని ఆమె మడతపెట్టి గుండెలో దాచుకుంది.

ఎవరో మార్చారు అంటే ఎవరో అని ఆమె అనుకోలేదు. పెద్దకోడలే అనుకుంది. షాపుకి తీసుకెళ్దామన్నది ఆవిడే. పేరు పెట్టింది ఆవిడే. కడుపుమంట కూడా ఆవిడకే. ఆ వారమంతా మైకు ముందు మంత్రగత్తె శాపం పెట్టినప్పుడల్లా చిన్నకోడలి కళ్ల ముందు తోడికోడలు బూడిద కుప్పలా కూలింది. డైరెక్టరు హెడ్‌ఫోన్ తీసి చెవి రుద్దుకున్నాడు. "ఇవాళ నిప్పులు కురిపించారు మేడమ్. ఎవరిమీదో గానీ, వాళ్లు బతికుంటే అదృష్టవంతులు."

"బతికే ఉండాలి," అందామె. "ఇంకా పనుంది."

* * *

ఆమె ముత్యాలు కొన్న షాపు యజమానురాలు పొట్టి మనిషి. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, ఒక కంటికి భూతద్దం పెట్టుకుని దండని దీపం కింద తిప్పింది.

"కొక్కెం మాదే. పూసలు మావి కావు. దారం అసలే కాదు."

"దారం కాదా?"

"మేం పట్టుదారంతో గుచ్చుతాం. ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి వేస్తాం, తెగినా ఒక్కటే రాలుతుంది. ఇక్కడా ముళ్లున్నాయి, చక్కగానే వేశారు, ఓపిక గల మనిషి. కానీ ఇది నైలాన్. పైగా ప్రతి ముడి మీదా జిగురు బొట్టు పెట్టారు. చూడండి, ఎండిపోయి పసుపుగా అయింది. ముత్యాలవాళ్లెవరూ జిగురు ముట్టుకోరమ్మా."

చిన్నకోడలు భూతద్దంలోంచి చూసింది. ప్రతి ముడి మీదా ఆవగింజంత పసుప్పచ్చ బొట్టు. ఎక్కడో చూసింది వీటిని. ఎక్కడన్నది వెంటనే తట్టలేదు.

షాపావిడ సొరుగులోంచి చిన్న గుడ్డసంచీ తీసింది. "మీ అత్తగారి పాతదండ పొడవుకి కురచ చేయించారు కదా, మిగిలిన రెండు ముత్యాలు ఇక్కడే మర్చిపోయారు. ఒకే రాశిలోవి. ఈ గులాబీఛాయ ఇంకో రాశిలో రాదు, ఎంత వెతికినా."

అరచేతిలో రెండు ముత్యాలు చల్లగా కూర్చున్నాయి. లోపల దీపం వెలుగుతూనే ఉంది.

"దిద్దులు చేయించుకోండి," అంది షాపావిడ. "ఒక్కటే జాగ్రత్త. సెంటు తగలనివ్వకండి. ముత్యానికి సెంటు విషం. ఏళ్ల తరబడి సెంటు పడిన ముత్యం చూశారా? పాలిపోయి, గరుకెక్కి, సుద్దముక్కలా అవుతుంది."

చిన్నకోడలు తలెత్తింది.

అత్తగారి మెడ. నలభై ఏళ్ల సెంటు. అయినా ఆ దండ ఆణిముత్యాలని, జత దొరకదని ఇంకో షాపావిడ పంటికి రాసి మరీ చెప్పింది. షాపుకి వెళ్లేముందే అత్తగారు అద్దం ముందు మురిసిపోతూ అన్న మాట గుర్తొచ్చింది. "మీ మామయ్య మెత్తటి గుడ్డతో తుడిచిపెట్టారే. పాతవి ఎంత మెరుస్తున్నాయో చూడు."

తుడిస్తే సుద్ద ముత్యమవుతుందా?

జిగురు బొట్టు ఎక్కడ చూసిందో అప్పుడు తట్టింది. ఆమె నల్లటోపీ అంచున కుట్టిన ప్రతి చమ్కీ వెనకా ఉంది. కిరీటాల మీద ప్రతి పూస దగ్గరా ఉంది. "ముడి మీద ముద్ర వేస్తే గాని రాజుగారికి నమ్మకం కుదరదు," అని నవ్వుతూ జిగురుసీసా మూతపెట్టే చేతులు ఆమెకి బాగా తెలుసు.

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ ఇంటిదొంగ ఆమెని తల్లీ అని పిలుస్తాడు.

"ఏమైందమ్మా, కూర్చోండి," అంది షాపావిడ.

"దిద్దులు చేయండి," అంది చిన్నకోడలు. "వచ్చే ఆదివారంలోపు కావాలి. నాకు కాదు, మా అత్తగారికి."

* * *

మామగారి గది వెనకవైపు వరండాకి ఆనుకుని ఉంటుంది. అట్టలు, బంగారురంగు కాగితాలు, కత్తెరలు, నైలాన్ చుట్టలు. ఆయన ఆదివారం కోసం కొత్త కిరీటం కడుతున్నారు. చిన్నకోడలు దండని ఆయన ముందు బల్ల మీద పెట్టింది.

"మామయ్యా, ఒక ముడి వదులైంది. వేసిపెట్టరూ? వేసింది మీరే కదా."

కత్తెర ఆగింది. ఆయన దండ వైపు చూడలేదు, తలుపు వైపు చూశారు. తర్వాత కిరీటం మెల్లగా కింద పెట్టారు.

"తలుపు దగ్గరగా వెయ్యి తల్లీ."

ఆమె వెయ్యలేదు. ఆయనే లేచి వేశారు.

"అప్పట్లో హాల్లో జీతం ఎంతో చెప్తే నవ్వుతావు. మీ అత్తయ్య అక్కచెల్లెళ్ల మెడల్లో అందరికీ ఏవో ఒకటి ఉన్నాయి. దీని మెడ బోసిగా ఉంటే చూడలేకపోయాను. గాజుదండ కొని ముత్యాలన్నాను. సినిమాల్లో పనిచేసేవాణ్ణి కదా, అబద్ధాన్ని అందంగా చూపించడం వచ్చు. అది నమ్మింది. వాళ్లందరికీ చూపించుకుంది. ఇక ఎప్పుడు చెప్పను?"

"నా దండ వచ్చేదాకా చెప్పలేదు."

"రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. 'నాది కాస్త మాసినట్టుందేమండీ, షాపులో చూపిద్దామంటోంది పెద్దది' అంది. షాపులో బయటపడుతుందని భయపడ్డాను. మీరంతా బయటికి వెళ్లినప్పుడు విప్పి మార్చేశాను. నీవి దాని కొక్కేనికి, దానివి నీ కొక్కేనికి. కొత్తదాన్ని ఉత్తినే కడిగి ఇచ్చేస్తారనుకున్నాను. దాన్ని కూడా పంటికి రాస్తుందని నాకేం తెలుసు?"

"తెలిశాక కూడా ఊరుకున్నారు. ప్రేమని పంటికి రాసి చూస్తామా అన్నారు. అందరూ నవ్వారు. నన్ను చూసి నవ్వారు మామయ్యా."

ఆయన చేతులు జోడించలేదు గానీ, బతిమాలుతున్నట్టే అన్నారు. "నువ్వు చిన్నదానివి. నీ మీద పడింది నాలుగు నెలల్లో మర్చిపోతారు. నా మీద పడితే అది చచ్చేదాకా మర్చిపోదు. కాస్త ఓర్చుకోకూడదూ?"

అప్పటిదాకా ఆమె గుండెలో ఏ మూలో కొంత జాలి ఉంది. ఆ మాటతో అది కాస్తా ఆవిరైంది. తప్పు చేసి దొరికినవాడు ఏడుస్తాడనుకుంది. ఈయన బేరమాడుతున్నాడు. తన పరువు ఈయన లెక్కలో చిల్లర.

"నేను ఓర్చుకోను," అంది. "ఆదివారం, సినిమా దగ్గర, అందరి ముందూ మీరు చెప్పాలి. మీ నోటితో చెబితే మీ పక్కన నిలబడి నేనే అత్తయ్యకి సర్దిచెప్తాను. చెప్పకపోతే నేను చెప్తాను."

"చెప్తాను తల్లీ. మాటిస్తున్నాను. రాజు మాట."

ఆమె దండ తీసుకుని బయటికొచ్చింది. రాజు మాట మీద నమ్మకం ఉంచుదామనే అనుకుంది. అయినా దిద్దుల కోసం షాపుకి ఫోన్ చేసి, తొందరగా కానిమ్మని ఇంకోసారి చెప్పింది.

* * *

ఆదివారం అత్తగారికి ఇష్టమైన సినిమా. సముద్రం అడుగున రాజ్యం, రాణిగారి మాయాముత్యం పోవడం, మంత్రగత్తె కొలువుకొచ్చి దొంగని పట్టివ్వడం. ఆవిడ పాతదండ వేసుకుని, సెంటు మేఘంలోంచి నడిచివచ్చి కూర్చుంది. కిటికీ తెరలు దించకముందే చిన్నకోడలు చిన్న డబ్బీ తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది.

"ఏమిటిది?"

"దిద్దులు. మీ దండకి జతగా ఉంటాయని."

"గాజుకి తోడు ప్లాస్టిక్కా చెల్లీ?" అంది పెద్దకోడలు.

అత్తగారు డబ్బీ తెరిచింది. వద్దనబోయి, వాటినే రెండోసారి చూసింది. లేచి అద్దం దగ్గరికెళ్లి చెవులకి పెట్టుకుంది. తల అటూ ఇటూ తిప్పింది. మెడలో గులాబీఛాయ, చెవులకీ అదే ఛాయ.

"విచిత్రంగా ఉందే. జత దొరకదందే ఆవిడ. ఇవి ఒకతల్లి బిడ్డల్లా ఉన్నాయి. ఏమండీ, చూశారా?"

మామగారు ప్రొజెక్టరు వైరు సర్దుకుంటున్నారు. చూడలేదు. "బాగున్నాయి మహారాణీ, బాగున్నాయి. తెరలు దించండి."

చీకటి పడింది. సినిమా నడిచింది. చేపలు రథం లాగాయి, తాబేలు పాట పాడింది, పెద్దకొడుకు నిద్రపోయాడు. చిన్నకోడలు నల్లటోపీ ఒళ్లో పెట్టుకుని మామగారినే చూస్తూ కూర్చుంది. ఆయన ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు. రాణి ముత్యం మాయమైంది. కొలువు తీరింది. తలుపులు బద్దలు కొట్టుకుని మంత్రగత్తె లోపలికొచ్చింది.

"సౌండ్ కట్," అన్నారు మామగారు, ఎప్పటిలాగే.

బొమ్మలు మూగవైపోయాయి. ఆమె టోపీ పెట్టుకుంది. తెర మీద మంత్రగత్తె వేలు చాపగానే, హాలంతా కంపించేలా గొంతిచ్చింది.

"మహారాజా, నీ కొలువులో దొంగ ఉన్నాడు."

"మా కొలువులోనా?" మామగారు రాజుగొంతు ఎత్తుకున్నారు. "అసంభవం. మావాళ్లంతా నిద్రపోతున్నారు. కావాలంటే గురక విను."

అందరూ నవ్వారు.

"దొంగ నిద్రపోవడం లేదు మహారాజా. దొంగ మాట్లాడుతున్నాడు."

నవ్వు కొంచెం ఆలస్యంగా ఆగింది. చిన్నకొడుకు ఉరుము ఒకటి వేద్దామని నోరు తెరిచి, భార్య వైపు చూసి మానేశాడు.

"రాణిగారి మెడలో దండా, మంత్రగత్తె ఇచ్చిన దండా తారుమారయ్యాయి. మార్చినవాళ్లు తమ నోటితో తాము ఒప్పుకుంటే శాపం ఉండదు. ఈ మంత్రగత్తే వాళ్ల పక్కన నిలబడుతుంది. ఇదే ఆఖరి అవకాశం."

తెర మీద రాజు పెదవులు కదిలాయి. ఆ పెదవులకి మాట లేదు. మామగారు దగ్గారు. కుర్చీ కిర్రుమంది. ఇప్పుడైనా చెబితే చాలు. టోపీ తీసేసి, ఆయన పక్కన నిలబడి, అత్తయ్యా పాపం అప్పట్లో జీతం తక్కువ అని తనే అంటుంది.

"ముత్యాలు ముట్టుకునేదెవరు?" అంది రాజుగొంతు చివరికి, బోలుగా. "పెట్టె తీసేదీ దాసీలే, పెట్టేదీ దాసీలే. పోయి దాసీలనడుగు మంత్రగత్తే."

దాసీల గొంతు పెద్దకోడలిది. ఆవిడ చిలకపలుకుల్లాంటి జవాబేదో ఎత్తుకోబోయింది. అంతలో అత్తగారు చేయెత్తి ఆపింది. ఆవిడ ఆట ఆడటం లేదు.

"ఉండండి. తారుమారంటే? ఇది సినిమాలో లేదే." ఆవిడ పెద్దకోడలి వైపు పూర్తిగా తిరిగింది. "షాపుకి వెళ్దామని పట్టుబట్టింది నువ్వే కదే? బీరువా తాళం ఎక్కడుంటుందో తెలిసింది కూడా నీకే."

"అదేమిటి అత్తయ్యా, తాళం ఈమధ్యే కదా... నేనెందుకు ముట్టుకుంటాను?"

"చిన్నదాని మీద మొదట్నుంచీ ఏడుపు నీకు. గాజు గాజు అని పేరు పెట్టింది నువ్వే."

"సరదాకన్నాను." పెద్దకోడలి గొంతులోంచి చిలకలన్నీ ఎగిరిపోయాయి. "మామయ్యా, మీరైనా చెప్పండి. ఆ రోజు దండ తుడిచి అత్తయ్యకిచ్చింది మీరే కదా, నేను దగ్గరికి కూడా రాలేదు. చెప్పండి మామయ్యా."

మామగారు తెర వైపు చూస్తున్నారు. "సినిమా పాడవుతోంది. ఇవన్నీ తర్వాత చూసుకుందాం. అదేదో తెలియక చేసుంటుంది, వదిలెయ్యండి."

తెలియక చేసుంటుంది.

చిన్నకోడలు ఆ మాటని రెండుసార్లు లోపల విని చూసుకుంది. కొన్నాళ్ల కిందట తను కోరుకున్నది సరిగ్గా ఇదే. తోడికోడలు ఇలా నడిహాల్లో, అందరి కళ్ల ముందూ కూలిపోవడం. ఇప్పుడు అడక్కుండానే వచ్చి ఒళ్లో పడింది. నోరు మూసుకుంటే చాలు. గాజు అన్న పేరు రేపట్నుంచి ఇంకొకరికి అంటుకుంటుంది. మామగారు ఇంకో టోపీ చేసిస్తారు.

కానీ ఆమె పగ పెట్టుకున్నది దొరికినవాళ్ల మీద కాదు, చేసినవాళ్ల మీద.

ఆమె లేచి ప్రొజెక్టరు ఆపేసింది. కిటికీ తెరలు ఎత్తింది. మధ్యాహ్నపు ఎండ హాల్లోకి వచ్చి పడింది. అట్టకిరీటం మీద జిగురు బొట్లు పసుప్పచ్చగా కనిపించాయి. ఆమె నల్లటోపీ తీసి బల్ల మీద పెట్టింది. పక్కన గాజుదండ పెట్టింది.

"అత్తయ్యా, మీ చెవులకున్నవి కొత్తగా కొన్నవి కావు. మీకిచ్చిన దండని మీ పాతదాని పొడవుకి కురచ చేయిస్తే మిగిలిన ముత్యాలు. ఒకే రాశిలోవి. ఆ ఛాయ ఇంకెక్కడా దొరకదు."

అత్తగారి చేయి చెవి దగ్గరికి వెళ్లింది. అక్కడి నుంచి మెడ మీదికి దిగింది. అక్కడే ఆగిపోయింది.

"అయితే నా మెళ్లో ఉన్నవి..."

"నేనిచ్చినవే."

"మరి నావి? మీ మామయ్య పెట్టినవి?"

"బల్ల మీద ఉన్నాయి. మొదట్నుంచీ అవి గాజే. నలభై ఏళ్లు సెంటు కొట్టుకున్నా గాజుకేం కాలేదు. ముత్యమైతే ఏనాడో సుద్దయ్యేది. కావాలంటే ఏ షాపులోనైనా అడగండి."

పెద్దకొడుకు గురక ఆగిపోయింది. లేచి కూర్చున్నాడు, ఏం జరుగుతోందో తెలియక అందరి మొహాలూ చూశాడు. పెద్దకోడలు చెంగుతో కళ్లు తుడుచుకుంటూ చిన్నకోడల్నే చూస్తోంది. చిన్నకొడుకు బల్ల దగ్గరికొచ్చి గాజుదండ ఎత్తాడు. ముళ్ల మీది బొట్లని గోటితో తడిమాడు. తండ్రి తలమీది కిరీటం వైపు అతని చూపు వెళ్లింది. అక్కణ్ణుంచి మళ్లీ దండ మీదికి వచ్చింది.

"నిన్ను నమ్మనందుకు..." అని ఏదో అనబోయాడు.

"తర్వాత," అందామె. "మీ వంతు తర్వాత."

మామగారు కిరీటం తీసి ఒళ్లో పెట్టుకున్నారు. తల ఎత్తలేదు.

"ఎవరు మార్చారే?" అంది అత్తగారు. ఆవిడ గొంతులో రాణి లేదు. మెడలోని దండని రెండు చేతులతోనూ పట్టుకుని ఉంది, ఎవరో లాక్కుంటారన్నట్టు. "చెప్పు. ఎవరైనా సరే, పేరు చెప్పు."

చిన్నకోడలు మూల కుర్చీ వైపు చూసింది. ఆయన కిరీటంలో ఒక పూసని గోటితో గిల్లుతున్నారు. అప్పుడు మంత్రగత్తె గొంతుతో కాదు, ఏ సినిమాకీ ఎప్పుడూ ఇవ్వని తన సొంత గొంతుతో అంది.

"మామయ్య."